వాడకుండా పక్కన పెట్టిన రీలే సాక్ష్యమైంది

యుద్ధనేరాలపై తీసే డాక్యుమెంటరీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవి లోకం కళ్లు తెరిపిస్తాయని మెచ్చుకుని ఊరుకుంటాం. మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా విషయంలో అమెరికన్ దర్శకురాలు పమేలా యేట్స్ చేసిన పనికి ఆ మెప్పు ఏమాత్రం చాలదు. 1983లో విడుదలైన ఆమె చిత్రం కంటే, ఎడిటింగ్‌లో ఆమె వాడకుండా వదిలేసిన ఫుటేజీయే ముప్పై ఏళ్ల తరువాత ఒక నియంత మెడకు చుట్టుకుంది.

1982 మార్చిలో సైనిక కుట్రతో గద్దెనెక్కిన జనరల్ ఎఫ్రాయిన్ రియోస్ మోంట్ మరుసటి ఏడాది ఆగస్టు వరకు సాగించిన పాలన ఇషిల్ మాయా ఆదివాసులకు మిగిల్చింది తగలబడిన పల్లెలనూ సామూహిక సమాధులనే. సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య దశాబ్దాల పాటు సాగిన అంతర్యుద్ధ కాలమంతటినీ పరిశీలించిన సత్యశోధన కమిషన్, రెండు లక్షల మందికి పైగా మరణించడమో అదృశ్యం కావడమో జరిగిందనీ, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయాలేననీ 1999లో ప్రకటించింది.

2013లో రియోస్ మోంట్‌పై జాతిహననం కేసు విచారణ జరిగినప్పుడు ఇషిల్ స్త్రీలు కొందరు శాలువాలతో ముఖాలు కప్పుకొని, సైనికులు తమపై సాగించిన అత్యాచారాలను తమ భాషలోనే కోర్టుకు చెప్పారు. పల్లెలో ఏం జరిగిందో చెప్పడానికి వారిని మించిన సాక్షులు లేరు. కానీ రాజధానిలో కూర్చున్న అధినేతకు ఆ పల్లెలో పేలిన తుపాకీతో ఉన్న సంబంధాన్ని వారు ఎలా రుజువు చేయగలరు? తాను ఏ ఆదేశమూ ఇవ్వలేదనీ, క్షేత్రస్థాయి కమాండర్లదే బాధ్యత అనీ రియోస్ మోంట్ వాదించాడు. అయితే 1982లో యేట్స్ కెమెరా ముందు అదే మనిషి, సైన్యాన్ని అదుపు చేయలేకపోతే ఇక తానిక్కడ ఉన్నది దేనికని ధీమాగా ఎదురు ప్రశ్న వేశాడు. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న రీళ్లను ఆమె మళ్లీ వెదకగా బయటపడిన ఆ ముక్కను కోర్టులో ప్రదర్శించారు. నేరానికీ అధికారానికీ మధ్య నిందితుడు నిర్మించుకున్న గోడను అతని నోటి మాటే కూల్చింది.

పక్షం వహించిన కార్యకర్త తీసిన దృశ్యాన్ని సాక్ష్యంగా ఎలా నమ్మాలని కొందరు అడుగుతారు. కూర్చిన చిత్రం గురించైతే అది న్యాయమైన అనుమానమే. కానీ కత్తెర పడని ముడి ఫుటేజీలో దర్శకురాలి అభిప్రాయం తక్కువగానూ, ఎదుటి మనిషి మాట యథాతథంగానూ ఉంటాయి. నిష్పాక్షికత పేరుతో దాన్ని పక్కన పెడితే లాభపడేది నిందితుడే.

2013 మే 10న 1,771 మంది ఇషిల్‌ల హత్యలకు సంబంధించి రియోస్ మోంట్‌కు 80 ఏళ్ల శిక్ష పడింది, పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును రద్దు చేసింది, పునర్విచారణ ముగియకుండానే 2018లో అతను కన్నుమూశాడు. అయినా జాతిహననం జరిగిందన్న మాటను అదే ఏడాది మరో ధర్మాసనం ధ్రువీకరించింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నేటి పరిస్థితి. యేట్స్ రీళ్లు ఆమె చేతిలోనే ఉన్నాయి కాబట్టి మిగిలాయి. ఇప్పటి బాధితుడు ఫోన్‌లో తీసిన దృశ్యం ఏదో ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. 2017లో యూట్యూబ్ యాంత్రిక వడపోత సిరియా యుద్ధ వీడియోలను లక్షల సంఖ్యలో తొలగించింది. అదే ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియా కమాండర్ మహమూద్ అల్ వెర్‌ఫల్లీపై వారెంటు జారీ చేసినప్పుడు ప్రధానంగా ఆధారపడింది సామాజిక మాధ్యమాల్లో తిరిగిన వీడియోల మీదే. ఒక చోట సాక్ష్యమైనది మరో చోట చెత్తబుట్టలో పడుతోంది. హింసాత్మక దృశ్యాలను ప్రజల కంటపడకుండా తొలగించే హక్కు ఈ సంస్థలకు ఉండవచ్చు, కానీ మూల ఫైలును, దాని తేదీ, స్థలం వివరాలతో సహా, దర్యాప్తు సంస్థలు కోరేంతవరకు భద్రపరచాల్సిన బాధ్యతను చట్టమే వాటిపై మోపాలి.