తేనె కావలెను, తేనెటీగలు అక్కరలేదు

బెంగళూరులో సర్జాపుర రోడ్డుకూ వైట్‌ఫీల్డుకూ నడుమ నిలువునా పెరిగిన అపార్టుమెంట్లలో ఒకదాని నివాసుల సంఘం ఈ మధ్య ఒకే సమావేశంలో రెండు తీర్మానాలు ఆమోదించింది. సీ టవరు పదకొండో అంతస్తు బాల్కనీ అడుగున వేలాడుతున్న తేనెపట్టును మందు కొట్టేవాళ్ళను పిలిపించి వెంటనే తొలగించాలన్నది మొదటిది. ప్రతి ఆదివారం ఉదయం క్లబ్‌హౌస్ ముందు స్వచ్ఛమైన రా హనీ అమ్ముకునేందుకు ఒక దుకాణానికి అద్దె లేకుండా చోటు ఇవ్వాలన్నది రెండోది. రెండూ ఏకగ్రీవంగా నెగ్గాయి. సంఘంలో సగానికి సగం మన తెలుగువాళ్ళే కనుక అక్కడ ఏకగ్రీవం ఎంత అరుదైన సంగతో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఈ రెండు తీర్మానాలకూ పొంతన లేదని గిట్టనివాళ్ళు కొందరు వాట్సాప్ గ్రూపులో గొణుగుతున్నారు. ఇంతకంటే పొందికైన ఆలోచన ఈ నగరంలో ఇటీవల ఎవరూ చేయలేదని వారికి సవినయంగా మనవి చేయదలిచాను.

ముందుగా నేరస్థుల పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. మన బాల్కనీల కింద చేరేది కొండ తేనెటీగ. కన్నడిగులు హెజ్జేను అంటారు. అది పెట్టెలో పెడితే ఉండదు, తొర్రలో దూరదు, గాలీ వెలుతురూ తగిలే ఎత్తయిన చోట బయటికే ఒకే ఒక్క పెర కడుతుంది. ఆ పెర మీటరు వెడల్పున సాగడం మామూలే. దాని మీద వేల ఈగలు ఒకదానినొకటి పట్టుకుని నల్లగా కమ్ముకుని ఉంటాయి. కందిరీగ దాపుకు వస్తే వరసగా పొట్టలు పైకెత్తి, చూసేవాడి కళ్ళు చెదిరేలా పట్టంతా అలలు అలలుగా కదిలిస్తాయి. కొండచరియలూ మహావృక్షాలూ వాటి పూర్వీకుల నివాసాలు. ఆ చెట్లు కొట్టేసి, చరియలంత ఎత్తున టవర్లు లేపి, వాటికి వానా ఎండా తగలని చూరులు పెట్టించింది మనమే అయినా, ఆ చూరులు తమ కోసమే వెలిశాయని అనుకోవడం వాటి అహంకారం. పైగా పూతల కాలంలో దిగి, పూతలు అయిపోగానే ఎవరికీ చెప్పకుండా లేచిపోయి, మరుసటి ఏడు మళ్ళీ అదే చోటికి వచ్చే అలవాటు వాటికి ఉంది. రెండు గదుల ఇంటికి పది నెలల అడ్వాన్సు కట్టి, పోలీసు వెరిఫికేషను చేయించుకుని, గోడకు మేకు కొట్టబోమని ఓనరు ముందు ప్రమాణం చేసి ఈ ఊళ్ళో కాపురం పెట్టిన మనకు, ఒక్క కాగితం కూడా చూపించకుండా పదకొండో అంతస్తులో దిగిపోయిన సంసారాన్ని చూస్తే ఒళ్ళు మండడంలో అన్యాయం ఏముంది?

అవి కుడతాయన్న మాట నిజమే, దానిని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. గద్ద వచ్చి పట్టును తన్నినా, కింద ఎవరైనా పొగపెట్టినా, మేడ మీది పిల్లవాడు బంతి విసిరినా గుంపుగా లేచి కనబడ్డవాళ్ళ మీద పడతాయి. ఒకటి కుట్టిన చోట వదిలే వాసన పట్టుకుని మిగతావి కూడా అక్కడే కుడతాయి; అందులో ప్రాణాపాయం కూడా ఉంది. అందుకని విషయం తెలిసినవాళ్ళు చెప్పే సలహా ఏమిటంటే, ఆ బాల్కనీ తలుపు మూసి, దాని జోలికి పోకుండా, రాత్రిపూట అక్కడి లైటు ఆర్పి ఉంచితే, పూత కాలం ముగియగానే అవే వెళ్ళిపోతాయట. ఆగలేమనుకుంటే, ఈగలను చంపకుండా తరలించే పనివాళ్ళను పిలవాలట. మొదటి సలహా మీద సమావేశంలో చర్చ జరిగింది. కొండ తేనెటీగలు రాత్రి వేళ వెలుతురు వైపు ఎగిరి వస్తాయని చెప్పినప్పుడు, దీపావళికి వేలాడదీసి సంక్రాంతి దాటినా తీయని రంగుదీపాల యజమాని ఒకాయన లేచి, తన లైట్ల కరెంటు బిల్లు తాను కడుతున్నానని, ఈగలు కట్టడం లేదని తేల్చి చెప్పారు. ఆ తర్వాత చర్చించడానికి ఏమీ మిగలలేదు.

మందు రాత్రి కొట్టారు. తెల్లవారేసరికి సీ టవరు కింద కారు పార్కింగు గచ్చు మీద ఈగలు చీపురుకు అందినంత మేర పరుచుకుని ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తూ గుండ్రంగా తిరుగుతున్నాయి. హౌస్‌కీపింగు ఆమె చెప్పులు విప్పకుండా, జాగ్రత్తగా చేటలోకి ఎత్తి నల్ల సంచిలో పోస్తోంది. పైనుంచి తెగిపడిన పెర ముక్క ఒకటి తెల్లకారు బానెట్టు మీద పడి, అందులోని తేనె నంబరు ప్లేటు దాకా కారింది. అప్పుడు 'ఏ' టవరు నుంచి ఒక పెద్దాయన స్టీలు డబ్బా పట్టుకుని దిగి వచ్చారు.

"బాబూ, ఆ పెరలో కాస్త ఈ డబ్బాలో పెట్టించు."

"వద్దు సార్, మందు కొట్టినాము. తినేకి లేదు," అన్నాడు కదిరి నుంచి వచ్చిన పనివాడు.

"మందు పైపైన కొట్టి ఉంటారయ్యా. లోపలిదంతా రా హనీయే కదా!"

ఆయన తర్కంలో లోపం ఉందేమోగాని, ఆశయంలో లోపం వెతకడం నావల్ల కాలేదు. ఈగ పోవాలి, తేనె ఉండాలి: ఈ నగర నివాసి తేనె గురించి కోరుకునేదంతా ఆ స్టీలు డబ్బాలో ఉంది.

ఇక ఆదివారపు దుకాణం సంగతికి వద్దాం. అక్కడి సీసా మీద రాసి ఉన్న సుగుణాలన్నీ చేయని పనులే: వేడి చేయలేదు, వడకట్టలేదు, ఏమీ కలపలేదు. ఇన్ని పనులు చేయకుండా ఉండటానికి శ్రమ ఎక్కువ కనుక కిరాణా కొట్టు తేనె కంటే ధర కూడా బాగా ఎక్కువే. వేడి చేస్తే తేనెలోని డయాస్టేజ్, ఇన్వర్టేజ్ వంటి ఎంజైములు దెబ్బతింటాయని దుకాణదారు చెప్పేది నిజమే. ఆ ఎంజైముల కోసం అంత డబ్బు పోసి కొన్న మనవాళ్ళు మర్నాడు పొద్దున్నే లేచి, పొగలు కక్కే నీళ్ళలో నిమ్మకాయ పిండి, ఆ తేనె రెండు చెంచాలు వేసి గిరగిరా తిప్పి తాగుతారు. కాచిన తేనె పనికిరాదని చెప్పిన ఆయుర్వేదాన్నే సాక్ష్యంగా పిలుస్తూ ఈ పని చేస్తారు. ఫ్యాక్టరీ మరగబెడితే అది కల్తీ, మన కెటిల్ మరగబెడితే అది ఆరోగ్యం. స్వావలంబన అంటే ఇదే.

రా హనీ గుణగణాల మీద మా ఏరియాలో ప్రచారంలో ఉన్న సాహిత్యం అపారం. బరువు తగ్గుతుందని కొందరు చెంచాలు పెంచుతున్నారు. తేనెలో నూటికి ఎనభై పాళ్ళు చక్కెరలేనని, ఫ్రక్టోజ్, గ్లూకోజ్ అనే ఆ రెండు చక్కెరలకు ఈగ పుట్టించింది కనుక కేలరీలు మాఫీ కావని, తేనె బరువైనది కాబట్టి చెంచాకు చెంచా లెక్కేస్తే పంచదార కంటే తేనెలోనే కేలరీలు ఎక్కువని చెబితే వినేవారు లేరు. మధుమేహం ఉన్నవాళ్ళు కూడా తినవచ్చునని లిఫ్టులో సలహా ఇచ్చిన ఆంటీకి వైద్యం తెలియకపోయినా వాత్సల్యం ఉంది. స్థానికంగా దొరికే తేనెలో స్థానిక పుప్పొడి ఉంటుంది గనుక బెంగళూరు తుమ్ములు పోతాయన్నది మరో నమ్మకం. మనల్ని తుమ్మించే పుప్పొడిలో చాలా భాగం గాలికి కొట్టుకొచ్చే గడ్డీగాదానిది. తేనెటీగలు వెళ్ళేవి ఎక్కువగా మకరందం ఉన్న పూల మీదికి. ఆ ఇద్దరికీ పెద్దగా పరిచయం లేదన్న చిన్న చిక్కు ఒకటి తప్ప సిద్ధాంతం బాగానే ఉంది.

దగ్గుతో రాత్రంతా నిద్రపోని పిల్లలకు ఒక చెంచా తేనె ఉపశమనం ఇస్తుందనడానికి మాత్రం పరిశోధనల ఆధారం ఉంది. అయితే అది ఏడాది నిండిన పిల్లల మాట. ఏడాది లోపు పసివాళ్ళకు తేనె నాకించకూడదు. అందులో ఉండే అవకాశమున్న బాట్యులిజం క్రిమి బీజాలు వాళ్ళ పేగుల్లో మొలిచి ప్రాణం మీదికి తెస్తాయి, తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఈ సంగతి మారదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను వ్యంగ్యం మానుకుని చెబుతున్నానని అమ్మమ్మలూ నాయనమ్మలూ గమనించాలి.

స్వచ్ఛత తేల్చడానికి మనవాళ్ళు చేసే పరీక్షలు ఒక ప్రయోగశాలకు సరిపోతాయి. నీళ్ళ గ్లాసులో వేసి మునుగుతుందా అని చూస్తారు, అగ్గిపుల్లకు పూసి గీస్తారు, పాత పేపరు మీద చుక్క వేసి వెనక్కి తిప్పుతారు, కుక్క వాసన చూసి వెళ్ళిపోతే మంచిదంటారు. చిక్కటి పాకం ఏదైనా ఈ పరీక్షల్లో డిస్టింక్షనులో పాసవుతుంది. ఇంతలో చలికాలం వచ్చి అసలైన తేనె సీసా అడుగున పేరుకుంటుంది. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె గడ్డకట్టడం దాని స్వభావం. కాని ఆ పేరిన సీసాలు పట్టుకుని జనం దుకాణం మీదికి వెళ్ళి, "పంచదార కలిపి మాకే అమ్ముతావా?" అని నిలదీశారు. పాపం ఆ కుర్రవాడు మరుసటి వారం నుంచి ఎన్నటికీ పేరుకోని తేనె తెస్తున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఎక్కడి నుంచి తెస్తున్నాడని ఎవరూ అడగలేదు.

మధ్యలో ఒక అపశ్రుతి కూడా దొర్లింది. బీ టవరులో ఉండే అనంతపురం కుర్రవాడొకడు జీకేవీకేలో, అంటే ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, తేనెటీగల పెంపకం నేర్చుకుని వచ్చి మేడ మీద ఒక పెట్టె పెట్టాడు. అందులో ఉన్నది తొర్రల్లో కాపురం చేసే మన దేశవాళీ ఈగ, కొండ ఈగతో పోలిస్తే సాధువు. 1991, 92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ సోకి దక్షిణాదిన ఈ ఈగల పెట్టెలు కుప్పలుగా ఖాళీ అయ్యాయి. ఆ దెబ్బ నుంచి తేరుకున్న జాతి ఇది. దానిని నిలబెట్టాలన్న ఉత్సాహంలో ఆ కుర్రవాడు చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళ కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి ఉంచాడు. ఆ నీళ్ళలో డెంగీ దోమలు గుడ్లు పెడతాయని సంఘం నోటీసు ఇచ్చింది. ఈత కొలను పక్కన ఫౌంటెనులో నెలల తరబడి నిలవున్న నీరు సౌందర్యం కిందికి వస్తుంది కనుక దానికి నోటీసు వర్తించదు. రెండో ఫిర్యాదు ఇంకా గంభీరమైనది: ఈ ఈగలు మన ఆవరణలో ఉంటూ కిలోమీటరు దూరం పోయి పక్క లేఅవుట్లలో తేనె సేకరిస్తున్నాయట. వాటికి వేరే దారి లేదు. మన ఆవరణలో ఉన్నవి పచ్చిక, క్రోటన్లు, కుండీల్లో ఈతచెట్టును పోలిన అలంకారపు చెట్లు. వేటిలోనూ మకరందం చుక్క లేదు. వేసవి మొదట్లో ఊదారంగు పూలతో విరగబూసి ఈగల మోతతో గుయ్యిమనే కానుగ చెట్లు గేటు దగ్గర ఉండేవి. పూలు కార్ల మీద రాలుతున్నాయని వాటిని పోయినేడే కొట్టించాం. చివరకు ఆ కుర్రవాడు పెట్టెను ఒక రాత్రి గుడ్డ కప్పి కారులో ఎక్కించుకుని ఊరికి తీసుకుపోయాడు.

ఈ నేపథ్యంలో 2020 డిసెంబరులో వచ్చిన ఒక వార్తను మనం అప్పుడు అపార్థం చేసుకున్నామని నా అభిప్రాయం. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేస్తే అన్ని పరీక్షలూ నెగ్గినవి మూడే. బియ్యం వంటి వాటితో తయారయ్యే చక్కెర పాకాలను మామూలు పరీక్షలకు దొరకని విధంగా తీర్చిదిద్ది కలుపుతున్నారని, ఎన్‌ఎంఆర్ అనే పరీక్ష ముందు మాత్రమే అవి బయటపడుతున్నాయని ఆ సంస్థ చెప్పింది. కంపెనీలు ఖండించాయి, టీవీలు గగ్గోలు పెట్టాయి, మన గ్రూపుల్లో కూడా ఛీ కొట్టుకున్నారు. కాని నిష్పాక్షికంగా ఆలోచించండి. కుట్టని తేనె, బాల్కనీకి వేలాడని తేనె, లైట్లు ఆర్పమని అడగని తేనె, కార్ల మీద పూలు రాల్చే చెట్లతో నిమిత్తం లేని తేనె, చలికాలంలో పేరుకోని తేనె, ఏ నెలలోనైనా ఒకే రంగూ ఒకే రుచీ ఇచ్చే తేనె కావాలని తీర్మానాలు చేసింది ఎవరు? ఒక కూలి ఈగ జన్మంతా తిరిగినా చేసేది టీస్పూనులో పన్నెండో వంతు తేనె. అటువంటి అసమర్థ కార్మికులను మధ్యలోంచి తొలగించి, మన మనసులోని మాటను మనం పైకి అనకముందే గ్రహించి, సీసాలో నింపి పంపినవారిని మోసగాళ్ళనడం కృతఘ్నత. ఆదివారపు స్టాలును నేరుగా ఆ పాకం తయారుచేసేవారికే ఇవ్వాలని సంఘానికి నేను లిఖితపూర్వకంగా సూచించాను.

ప్రస్తుతం సంఘం ముందున్న సమస్య వేరు. మేడ మీది కూరగాయల కమిటీ వారి గుమ్మడి తీగలు నిండా పూసి, ఒక్క పిందె కూడా నిలవకుండా రాలిపోతున్నాయి. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చేవారు ఎవరూ రావడం లేదని నిపుణులు తేల్చగా, కమిటీ వారు పెయింటు బ్రష్షులు కొని ఆ పనిని తామే చేయడానికి పూనుకున్నారు. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేలోగా ముడుచుకుంటాయి కాబట్టి బ్రష్షులు పట్టుకుని ఏడింటిలోపే మేడ ఎక్కాలి. ఆ సమయం వేడినీళ్ళలో తేనె కలుపుకుని తాగే సమయంతో తగాదా పడుతోందని సభ్యులు ఫిర్యాదు చేయడంతో, ఈ పనికి నెలజీతం మీద ఇద్దరు మనుషులను పెట్టుకోవడానికి నిర్వహణ రుసుమును చదరపు అడుగుకు ఎంత పెంచాలన్నది వచ్చే సర్వసభ్య సమావేశంలో తేలుతుంది.