అల్లదిగో, ఇంకో పది నిమిషాలే

కొండలెక్కే జనాల మధ్య స్నేహం దేని మీద నిలబడుతుందో చాలామంది చాలా రాశారు, తాడు అన్నారు, నమ్మకం అన్నారు, ప్రకృతి ఒడి అన్నారు. అవన్నీ కింద ఫ్యాను కింద కూర్చుని రాసినవి. ఆదివారం పొద్దున్నే ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో బండ్లు తీసి మహేంద్రగిరి కొండ వైపు బయల్దేరే మా బోటి గుంపుతో ఒక్కసారి నడిచి చూడండి, ఆ స్నేహం మొత్తం ఒకే ఒక్క అబద్ధం మీద నడుస్తోందని మీకే తెలుస్తుంది. వెనకవాడు "ఇంకెంత దూరముందిరా బావూ" అంటాడు. ముందువాడు వెనక్కి తిరక్కుండానే "అల్లదిగో, ఇంకో పది నిమిషాలే" అంటాడు. వెనకవాడికి అది అబద్ధమని తెలుసు, వాడికి తెలుసని ముందువాడికీ తెలుసు, అయినా ఇద్దరూ నడుస్తారు. ఇంత పకడ్బందీగా నడిచే వ్యవస్థ మన దేశంలో ఇంకోటి ఉందేమో నాకైతే తెలీదు.

ఈ పది నిమిషాలకి గడియారంతో ఏ సంబంధమూ లేదు. కొండ మొదట్లో దీని విలువ గంటన్నర, నడిమధ్యలో ముప్పావు గంట, పైకి వెళ్ళిపోయి చాప పరిచాక కూడా ఎవడో ఒకడు అలవాటు కొద్దీ పది నిమిషాలంటాడు. మా జీపు డ్రైవరు ఒడియావాడు, "ఆఉ టికే" అంటాడు, ఇంకాస్తే అని, అదీ అంతే పొడుగుంటుంది. దారిలో ఎదురయ్యే సవర పెద్దాయన్ని అడిగితే మాత్రం ఊరికే గడ్డం ఎత్తి చూపిస్తాడు, ఆయన లెక్కలో అది నిజంగానే పది నిమిషాలు, కట్టెల మోపుతో సహా. అందుకే ఆయన మాట ప్రమాణంగా తీసుకోకూడదు. (గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే మేస్టారుగా చేస్తూ ఈ కొండల మనుషులతో మాట్లాడ్డం కోసం సవర భాష మొత్తం నేర్చేసుకుని దానికి నిఘంటువు కూడా రాశారు, మేం అదే కొండల్లో తిరుగుతూ ఎంత దూరం అని చేత్తో సైగ చేస్తాం. అది వేరే ఏడుపు.)

వ్యాసం అన్నాక శాస్త్రం ఉండాలి కాబట్టి శాస్త్రం కూడా చూద్దాం. 1892లో నైస్మిత్ అని ఒక స్కాట్లాండు కొండలాయన ఒక లెక్క చెప్పాడు, సాపు దారిలో గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపుకోండి అని. అంటే 5 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కితే రెండు గంటలు. ఇప్పటికీ ట్రెకింగువాళ్ళు దీన్నే పట్టుకుని కూర్చుంటారు. పాపం ఆయనకి మా సంగతి తెలీదు, ఆ లెక్కలో ఫోటోలు లేవు, చెగోడీల ప్యాకెట్టు విప్పడం లేదు, బ్యాంకు బావ "ఒక్క నిమిషం" అని పొదల్లోకి వెళ్ళి ఎంతకీ రాకపోవడం లేదు. పైగా మా గుంపులో ఆయాసం వచ్చి ఆగినవాడు ఇంతవరకూ ఒక్కడు కూడా లేడు. అందరూ వ్యూ కోసమే ఆగుతారు. పొగమంచులో ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనపడని చోట నడుం మీద చేతులు పెట్టుకుని "అబ్బ, వ్యూ చూడరా" అంటాడు ఒకడు, మిగతావాళ్ళంతా చూస్తారు, భక్తిగా, ఊపిరి దొరికేదాకా.

చదువుకున్నవాళ్ళు వ్యూ అనరు, ఆక్సిజన్ అంటారు. "ఆల్టిట్యూడ్ కదండీ, ఆక్సిజన్ తక్కువ" అని ఛాతీ మీద చెయ్యేసుకుంటారు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు అంటూ డాక్టర్లు పట్టించుకునేది మామూలుగా 2,500 మీటర్లు దాటాకే. ఊటీ 2,240 మీటర్ల మీద ఉంది, అక్కడ జనం కాపురాలు చేసుకుంటున్నారు, క్యారెట్లు అమ్ముకుంటున్నారు, బేరాలాడి అరుచుకుంటున్నారు కూడా. కానీ ఈ ముక్క నేను కొండ మీద ఎప్పుడూ అనలేదు, అననుకూడా. ఛాతీ మీద చెయ్యేసుకున్నవాడికి ఊటీ గురించి చెప్పడం మర్యాద కాదు.

ఇదిగో ఇక్కడే అసలు సమస్య. ఈ మర్యాద తెలియని ఒక కుర్రాడు మా గుంపులో చేరాడు, బరంపురంలో ఉద్యోగం, చేతికి ఒక వాచీ. ఆ వాచీకి శాటిలైటు ఉంది, గుండె ఎంత కొట్టుకుంటుందో చెప్తుంది, ఎంత ఎక్కామో చెప్తుంది, ఇంకా ఎంత మిగిలిందో కూడా చెప్తుంది, పాపిష్టిది. ఎండ నడినెత్తికొచ్చింది, మా గుంపులోని మేస్టారు చెమటలు కక్కుతూ ఒక బండ మీద చెయ్యానించి, ఎవర్నీ ప్రత్యేకించి కాకుండా గాలిని అడిగినట్టు అడిగారు, ఇంకెంతరా అని. నేను నోరు తెరిచేలోపే వాచీ కుర్రాడు మణికట్టు తిప్పి "3.4 కిలోమీటర్లు సార్, ఎలివేషన్ ఇంకా 520 ఉంది, మన స్పీడుకి రెండు గంటల నలభై" అన్నాడు. మేస్టారు అక్కడే కూచుండిపోయారు. కూచుని బూటు విప్పారు. బూటు విప్పారంటే మీకు తెలిసే ఉంటుంది, ఇంక ఆ మనిషిని లేపడానికి వీలుపడదు, మేజోడు తీసి దులపాలి, మడమ మీద బొబ్బ చూసుకోవాలి, దాన్ని పక్కవాడికి చూపించాలి, పక్కవాడు తన బొబ్బ చూపించాలి, ఎవరిది పెద్దదో తేలాలి. పది నిమిషాలే అని నేను అనుంటే ఆ బొబ్బ పైదాకా నడిచి వెళ్ళేది. నిజం వల్ల ఒక ఉపాధ్యాయుడు నడి కొండ మీద ఆగిపోయాడు, దీనికి బాధ్యులెవరు?

నిజాల్లో ఇంకో రకం ఉంది, స్ఫూర్తినిచ్చే నిజం. ఇది ఇంకా ప్రమాదం. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, తెలుగువాళ్ళందరం గర్వపడ్డాం, పడాలి కూడా. కానీ ఆ రోజు నుంచీ మా గుంపులో ఒక బాబాయ్, ఎవరు ఎక్కడ కూలబడినా వెంటనే ఆ పాపని తెస్తాడు. "పదమూడేళ్ళ పిల్లరా, ఎనిమిదివేల ఎనిమిదొందల మీటర్లురా, నువ్వు ఈ గట్టు ఎక్కలేవేట్రా" అని. ఈ మాట విని లేచి నడిచినవాణ్ణి నేను చూళ్ళేదు. ఈ మాట అంటున్నప్పుడు బాబాయ్ కూడా కూర్చునే ఉంటాడు, అది గమనించాలి.

అబద్ధం అంటే చిన్నచూపు చూసేవాళ్ళు కొంచెం చరిత్ర చదువుకోవాలి. 1856లో ఎవరెస్ట్ ఎత్తు 29,002 అడుగులని సర్వేవాళ్ళు ప్రకటించారు కదా, అసలు లెక్క సరిగ్గా 29,000 వచ్చిందట, అలా చెప్తే జనం ఉజ్జాయింపుగా వేశారనుకుంటారని రెండడుగులు కలిపారని చెప్తారు. చూడండి, నమ్మించడం కోసం రెండడుగుల అబద్ధం, ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండ మీదే. మరి 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎక్కి దిగాక ముందు కాలు ఎవరు పెట్టారని లోకం అంతా పీక్కు తింటే ఇద్దరూ ఒకే మాట, కలిసే ఎక్కామని. హిల్లరీయే ముందు అని రెండేళ్ళ తర్వాత టెన్సింగే స్వయంగా చెప్పాడు. ఆ రోజు వాళ్ళతో మా వాచీ కుర్రాడు ఉండి ఉంటే ఎన్ని సెకన్ల తేడాయో కాఠ్మాండూ చేరకముందే చెప్పేసుండేవాడు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ రాయరు. కొండలకి చెట్లు ఆగిపోయే రేఖ ఒకటుంటుంది, మంచు మొదలయ్యే రేఖ ఒకటుంటుంది, మా తూర్పు కనుమల్లో ఎంగిలి రేఖ అని ఒకటుంది. కింద బయల్దేరినప్పుడు అందరూ బాటిల్ ఎత్తి పోసుకునే తాగుతారు, పెదవి తగలదు, మన పెంపకం అది. కాసేపు ఎక్కాక రొప్పుతూ అలాగే ఎత్తి పోసుకుంటే నీళ్ళు సగం ముక్కులోకి, సగం చొక్కాలోకి, దగ్గు, కళ్ళంట నీళ్ళు, వెనకనుంచి ఎవడో వీపు మీద చరుస్తాడు. ఇంకాస్త పైకెళ్ళాక ఎవరూ ఏమీ అనుకోకుండా, చర్చ లేకుండా, బాటిల్ మూతి నేరుగా నోట్లోకి వెళ్ళిపోతుంది, అక్కణ్ణుంచి ఎవరి బాటిల్ ఎవరిదో, ఎవరి కులం ఏదో, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో ఎవరికీ గుర్తుండదు. దిగేటప్పుడు మళ్ళీ అదే చోటికి రాగానే బాటిళ్ళు గాల్లోకి లేస్తాయి, అది కూడా నిజమే, ఏం చేస్తాం.

నీళ్ళ విషయంలో మాత్రం అబద్ధం నేరం అని మా గుంపు రాజ్యాంగంలో ఉంది. బ్యాగులో లీటరు పెట్టుకుని "నా దగ్గర అయిపోయాయిరా" అన్నవాడికి మళ్ళీ పిలుపుండదు. దీనికి ఒకే మినహాయింపు, నాలుక పిడచకట్టుకుపోయి కూడా "నాకొద్దులే, దాహం లేదు, నువ్వు తాగు" అనేవాడి అబద్ధం. దాన్ని అనుమతించాం.

తిండి విషయంలో అయితే మనుషుల దానగుణం మొత్తం వీపు మీది బరువుని బట్టి ఉంటుంది. ఇంట్లో పిల్లాడికి కూడా చెగోడీ లెక్కపెట్టి ఇచ్చే మనిషి, కొండ మొదట్లోనే ప్యాకెట్లు విప్పి "తినండయ్యా, మొహమాటపడకండి" అని మీదమీదకొస్తాడు. అందరికీ తెలుసు ఎందుకో. పులిహోర డబ్బా మోసేవాడు పొద్దున్న ఎనిమిదిన్నరకే భోజనాల టైమైందంటాడు. కోరాపుట్ వైపు దేవమాలి వెళ్ళినప్పుడు బ్యాంకు బావ క్యాంపులో పప్పు వండాడు. ఒడిశాలో అదే ఎత్తైన కొండ, 1,672 మీటర్లు, ఆ ఎత్తులో నీళ్ళు 94, 95 డిగ్రీలకే మరిగిపోతాయి, అందుకని మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడకడం అంటే ఎన్నికల హామీ అమలవడమే. రాత్రి దాకా ఉడికింది. పళ్ళ కింద కటకటలాడుతుంటే అందరం బ్రహ్మాండం బావా అన్నాం, వాచీ కుర్రాడు ఒక్కడే గింజ వేళ్ళతో నొక్కి చూసి "హాఫ్ బాయిల్డ్" అన్నాడు. అదే కొండ మీద మర్నాడు ఇంకో మాట కూడా అన్నాడు, పైదాకా బండి రోడ్డుంది కదా మనం ఎందుకు నడుస్తున్నామని. ఆ ప్రశ్న అడక్కూడదు. చెమటలు కారుతూ పైకి చేరేసరికి అక్కడ కారు డోరు తెరిచి, పసిపిల్లకి పాలు పడుతూ, ఒక కుటుంబం మమ్మల్ని జాలిగా చూసింది, మేం అటు చూడకుండా సూర్యుణ్ణి చూశాం.

అన్యాయాలు కూడా ఉన్నాయి, లేవనను. వెనకబడ్డవాడి సంగతే చూడండి. ముందు బ్యాచ్ ఒక చెట్టు కింద ఆగి, హాయిగా కూర్చుని, వాడి కోసం ఎదురుచూస్తారు, వాడి మీద జోకులేసుకుంటారు, గొంతు తడుపుకుంటారు, వాడు పాకుతూ వచ్చి ఆ చెట్టుకి వీపు ఆనించాడో లేదో అందరూ లేచి ప్యాంటు దులుపుకుని "పదండి పదండి, లేటైపోతుంది" అంటారు. అంటే బలమున్నవాడికి విశ్రాంతి, బలం లేనివాడికి నడక. దేశంలో ఉన్న పద్ధతే కాబట్టి కొత్తగా ఎవరూ ఆశ్చర్యపోలేదు. దీనికి మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకం, ఎందుకంటే ఆ వెనకబడేవాణ్ణి చాలాసార్లు నేనే.

దిగేవాళ్ళ బాధ్యత ఇంకా పెద్దది. శివరాత్రికి మహేంద్రగిరి మీద జనం జనం, చంకన పిల్లలు, చేతికర్రల ముసలమ్మలు, కుంతి గుడికీ భీముడి గుడికీ ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఎక్కే ముసలమ్మ ఆగి, దిగేవాడి మొహం చూసి "బాబూ, ఇంకా దూరమేనేటి" అంటుంది. ఆ క్షణంలో ఆ మనిషి ఏ చదువు చదివాడు, ఏ పార్టీ, ఏ భాష అన్నది పక్కన పెట్టి "లేదమ్మా, వచ్చేసింది" అనాలి. అందరూ అంటారు కూడా, ముక్కూమొహం తెలియనివాళ్ళే. పరశురాముడు ఈ కొండ మీద ఇప్పటికీ తపస్సులో ఉన్నాడంటారు, ఆయన చిరంజీవి, ఆయనకి టైముతో పనిలేదు, కాబట్టి ఆయన్ని అడిగినా పది నిమిషాలే అంటాడని నా నమ్మకం.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం ఏమిటంటే, సరిహద్దు జిల్లాల కొండలన్నిటి మీదా కిలోమీటర్ల రాళ్ళు పీకించి, వాటి జాగాలో తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి "ఇంకో పది నిమిషాలే" అని బోర్డులు పాతించాలి, మొదట్లో, మధ్యలో, పైన కూడా. వాచీలు కొండ కింద జమ చేయించుకుని చీటీ ఇవ్వాలి. టెండరు ఎవరికిచ్చినా పర్లేదు. మామూలుగా కాంట్రాక్టరు బోర్డు తెచ్చి తప్పు చోట పాతేస్తాడని భయపడతాం కదా, ఈ ఒక్క పనిలో ఆ భయం కూడా లేదు, వాడు ఎక్కడ పాతినా సరిగ్గానే ఉంటుంది.