మెటాడేటా కనిపెట్టిన మహానుభావుడు

మెటాడేటా అంటే ఏమిటో మొన్న ఒక సెమినార్లో తెలుసుకుని ధన్యుణ్ణయ్యాను. పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన సంవత్సరం, విషయం. వీటిని ఒక వరసలో రాసిపెట్టుకోవడమట. డిజిటల్ హ్యుమానిటీస్, అంటే సాహిత్యాన్నీ చరిత్రనీ కంప్యూటర్లతో చదివే విద్య, తెచ్చిన విప్లవమట. హాలంతా చప్పట్లు. వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని నించున్న లైబ్రేరియన్ గారు కూడా ఖాళీ చేత్తో తొడ మీద కొట్టి తన వంతు చప్పట్లు చరిచారు. ముప్ఫై ఏళ్లుగా క్యాటలాగు కార్డుల మీద తాను రాస్తున్నది అదేనని ఆయనకెవరూ చెప్పలేదు.

పుస్తకంలోని విషయాన్ని ఎన్ని ముఖాలుగా విడదీసి చూడొచ్చో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లోనే కోలన్ వర్గీకరణ అనే తన పుస్తకాల వర్గీకరణ పద్ధతిలో చూపించారు. అయితే ఆయన దగ్గర ల్యాప్‌టాప్ లేదు. కాబట్టి అది వట్టి లైబ్రరీ పని.

ఇక అసలు ఘట్టం. ప్రొఫెసర్ గారు వందేళ్లనాటి నవలల్ని స్కాన్ చేయించి (ఎవరు చేశారని అడక్కండి), వాటిలో ఎక్కువసార్లు వచ్చిన మాటల్ని తెర మీద మబ్బులా పరిచారు. నట్టనడుమ ఏనుగంత అక్షరాలతో "శాఖా గ్రంథాలయము". "చూశారా, ఆనాటి రచయితల జ్ఞానతృష్ణ!" అంటూ పది నిమిషాలు వాయించారు. నాయిక ఏడుస్తున్నా శాఖా గ్రంథాలయమే, మామగారు పోయినా శాఖా గ్రంథాలయమే! ఒక కుర్రాడు దాని మీద పీహెచ్‌డీ అంశం కూడా ఖాయం చేసుకున్నాడు.

లైబ్రేరియన్ గారు బాక్సు కింద పెట్టి నెమ్మదిగా అన్నారు: "సార్, అది మా రబ్బరు స్టాంపండి. పుస్తకాలు మాయమవుతున్నాయని పది పేజీలకొకటి కొట్టేవాళ్లం. ఊదా సిరా."

"ప్రశ్నలు చివర్లోనండీ."

చివర్లో భోజనాలు.

నవ్వొస్తుంది సరే, ఒళ్లు మండేదీ ఇక్కడే. అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన నేల ఇది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సని మన ముక్కు పిండుతారు. ఆ డబ్బు మునిసిపాలిటీ గుమ్మం దాటి లైబ్రరీకి చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. రిటైరైనవాళ్ల కుర్చీలోకి ఇంకొకరు రారు. చెదలు మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టవు. ఆ చెదల నోట్లోంచి లాక్కొచ్చిన పుస్తకాలేగా మీ మబ్బు? స్కాన్లో ఏ పేజీ తిరగబడింది, ఏ వత్తు ఎగిరిపోయింది అని కళ్లు పోగొట్టుకుని సరిచూసిన మనిషి పేరు మీ పేపర్లో ఒక్కచోటైనా ఉందా?

ఉంది లెండి. కృతజ్ఞతల్లో, క్యాటరింగ్ వారి తర్వాత: "లైబ్రరీ సిబ్బంది."