గుణుపురంలో ఆఫ్ సీజన్

గుణుపురంలో చలికాలం ఆఫ్ సీజనట. ఎవరు మొదలెట్టారో గానీ, సంక్రాంతి నెల వచ్చేసరికి గేలం ముట్టిన ప్రతి పెద్దమనిషీ మఫ్లరు చుట్టేసుకుని, "ఆఫ్ సీజన్ కదండీ, ఇంట్లో కూర్చుని నింఫులు కట్టుకుంటున్నాం" అంటున్నాడు. నింఫంటే గేలానికి ఈకలతో కట్టే ఉత్తుత్తి పురుగు, ట్రౌట్ చేపకు ఎర. వంశధార నీరు తగ్గి, అడుగున రాళ్లు కనిపించేంత తేటబడేది ఈ నెలల్లోనే. అయితేనేం! హిమాచల్‌లో ట్రౌట్ చేప గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వేట ఆపేస్తారు. అక్కడ ట్రౌట్ నీళ్లాడితే ఇక్కడ మనవాళ్లు పురుడు పాటిస్తున్నారు.

కట్టే విద్యను మాత్రం తక్కువ చెయ్యకూడదు. నీటి అడుగున రాళ్ల కింద బతికే పురుగు పిల్లకు నకలు చేయడం అది. 14 నంబరు గేలం తీసుకోవాలి (నంబరు పెరిగేకొద్దీ గేలం చిన్నదవుతుంది, ఇది తెలియక 8 నంబరు తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు). మొన వెనకుండే ఎదురుముల్లు నొక్కేసి, 2.8 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూసను సన్న కంత గేలం కంటి వైపు ఉండేలా ఎక్కించాలి. తోకకు ఫెజెంట్ (కోడి జాతి పక్షి) ఈక పోగులు అరడజను, గేలం కాడలో సగం పొడవు. మిగిలిన పోగులు కాడకు చుట్టి, వాటి మీద రాగి తీగ అయిదారు చుట్లు, ఎదురు దిశలో. పోగులు వెళ్లిన దిశలోనే తీగ చుడితే అది వాటి మధ్య కూరుకుపోతుంది, చేప పన్ను తగలగానే ఒళ్లంతా ఊడి వస్తుంది. ఆపైన నెమలి ఈక పోగు మూడు చుట్లు. పూస వెనక జాగా వదలకపోతే ముడి పూస మీదికెక్కి జారిపోతుంది. అందరూ తప్పేది అక్కడే.

ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్ అసలు దారమే వాడలేదు, సన్నని రాగి తీగతోనే కట్టాడు. కాళ్లూ పెట్టలేదు. ఈదేటప్పుడు నింఫ్ కాళ్లు ఒంటికి ముడుచుకుంటుందని నీళ్లలోకి చూసి తెలుసుకున్నాడు. మనవాళ్లు చూసేది ఫోన్లోకి. వీధి చివర మోటారు వైండింగ్ కొట్లో చెత్తలో దొరికే తీగ కోసం కొరియర్ వాడికి ఎదురు చూస్తారు.

ఫెజెంట్ ఈకలు అయిపోతే పెరట్లో పుంజు ఉండనే ఉంది. కనుమకు ఎలాగూ కోసేదే, కానీ భోగికే తోక పోవడం దానికి తలవంపులు. పండక్కొచ్చిన మావగారు ముందు పుంజును చూశారు, తర్వాత అల్లుణ్ణి చూశారు.

"ఏటల్లుడుగారూ, ఏటి కడతన్నారు?"

"నింఫండీ మావయ్యగారూ. నీటి పురుగు."

"ఏ సేపకి?"

"ట్రౌట్‌కండి."

"మనేట్లో ఉందా?"

"లేదండి, హిమాచల్‌లో ఉంటుంది."

"అయితే అక్కడికెల్తారేటి?"

"ఇప్పుడక్కడ ఆఫ్ సీజనండి."

"మరి మనేట్లో సేపలున్నాయి గదా?"

"అబ్బే, ఆఫ్ సీజన్లో ఎలా వెళ్తామండీ!"

మావగారు ఇంకేం అడగలేదు. వంటింట్లోంచి గుప్పెడు గోధుమపిండి ముద్ద పట్టుకుని ఏటికెళ్లి, దీపాలు పెట్టే వేళకి పులుసుకు సరిపడా పరిగెలు తెచ్చారు. అల్లుడుగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

మన ఏటికి ఆఫ్ సీజన్ లేదనుకునేరు. ఉంది. జూన్, జూలై, ఆగస్టు. కొత్తనీరు రాగానే శీలావతి, బొచ్చె గుడ్ల కడుపుతో ఎదురెక్కి, పల్లపు నీళ్లలో గుడ్లు పెట్టేది అప్పుడే. అప్పుడు మాత్రం ఒక్కడూ పురుడు పట్టడు! గుడ్ల కడుపు చేపే కావాలని బేరమాడతారు. ఎండాకాలం మడుగుల్లో బ్లీచింగ్ పొడి పోసే దుర్మార్గుణ్ణి పేరు పెట్టి పలకరిస్తారు, వాడి దగ్గరే కిలో కొంటారు. చేపల కోసం నీళ్లలో విషం కలపడం నేరమని 1897లోనే చట్టం చేశారు. ఆ పొడికి చేప ఒక్కటే చస్తుందా? రాళ్ల కింద మొప్పలతో ఊపిరి తీసే అసలు నింఫులూ చస్తాయి. ఏట్లో ఒక్క రాయి తిరగేసి ఒక్క పురుగు మొహం చూడనివాడు, దాని నడుముకు తీగ అయిదు చుట్లా ఆరు చుట్లా అని తగువు పెట్టుకుంటాడు. సిగ్గు లేదూ?

జూలైలో వంతెన కింద చూడండి. పాత దోమతెర ఆ కొస అల్లుడుగారు, ఈ కొస ఆయన శిష్యుడు. మఫ్లరు ఒక్కటే ఉండదు.