శివారుకు నీరందని జట్టు

పెర్ మెర్టెసాకర్ జర్మనీ తరఫున 104 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్. 2014లో ప్రపంచ కప్ గెలిచిన జట్టు సభ్యుడు. రిటైర్ కాబోయే ముందు, 2018 మార్చిలో, ఒక జర్మన్ పత్రికతో మనసు విప్పి మాట్లాడాడు. ఆట మొదలవబోయే నిమిషాల్లో కడుపులో తిప్పి వాంతి వచ్చినట్టుండేదన్నాడు. 2006లో సొంతగడ్డ మీద ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఇటలీ చేతిలో ఓడిన రాత్రి, బాధతో పాటు ఇక అయిపోయిందన్న ఊరట కూడా కలిగిందన్నాడు. లోథార్ మాథయస్ లాంటి పాత కెప్టెన్ ఈ మాటలను తప్పుపట్టాడు. గెలుపు కోసమే పుట్టినట్టుండాల్సిన ఆటగాడు ఓటమిలో ఊపిరి పీల్చుకోవడమేమిటని చాలామందికి అనిపించింది.

ఒత్తిడి గురించి ఒక ఫుట్‌బాలర్ చెప్పిన మాటల్లో ఇంతకంటే పనికొచ్చేవి తక్కువని నా అభిప్రాయం. ఎందుకంటే మెర్టెసాకర్ ఆడింది స్టాపర్ స్థానంలో, అంటే గోల్‌కీపర్‌కు కాస్త ముందు ఆఖరి అడ్డుగా. ముందున్న ఎనిమిది మందిలో ఎవరు ఏమరుపాటుగా ఉన్నా ఆ తప్పు దొర్లుకుంటూ చివరికి వచ్చి ఆగేది అతని కాళ్ల దగ్గరే.

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఆట కంటే ముందు కాలువ నేర్పుతుంది. ధవళేశ్వరం దగ్గర నీరు చాలని దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, వంతులవారీగా వదులుతారు. ఎగువ తూము దగ్గరి రైతు తన వంతు అయ్యాక కూడా నీళ్లు మళ్లించుకుంటూనే ఉంటే ఎండేది శివారు చేను. ఆ ఎండిన చేను చూసి, దాని యజమానికి వ్యవసాయం చేతకాదంటే ఎంత అన్యాయం! గోల్ పడగానే స్టాపర్‌నో గోల్‌కీపర్‌నో తిట్టడం కూడా అంతే అన్యాయం. జట్టుగా ఆడటమంటే మొదట బరువు పంచుకోవడం. స్నేహం, ఉత్సాహం, చేతులు కలిపి అరవడం ఆ తర్వాతే.

లెక్కగా చూద్దాం. ఎదుటివాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు, మంచి జట్టు తన ఫార్వర్డ్‌కీ ఆఖరి స్టాపర్‌కీ మధ్య దూరాన్ని 30, 35 మీటర్లకు మించనివ్వదు. బంతికి దగ్గరగా ఉన్నవాడు మీదకెళ్తాడు. అతని వెనక ఎనిమిది, పది మీటర్లలో ఇంకొకడు కాపు కాస్తాడు. అవతలి అంచున ఆడే వింగర్ లోపలికి జరుగుతాడు. మన స్కూలు, కాలేజీ మ్యాచ్‌లలో తరచూ కనిపించేది వేరు. ఫార్వర్డ్ ఒక్కడే ఆవేశంగా పరిగెడతాడు. వెనక ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు నడుం మీద చేతులు వేసుకుని చూస్తుంటారు. మధ్యలో 20 మీటర్ల ఖాళీ. ఎదుటి జట్టు ఒక్క పాస్‌తో అందులోకి దిగుతుంది. అక్కడి నుంచి అడ్డు ఉండేది ఇద్దరు ముగ్గురే. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు కనబడేది ఆఖరి తప్పు. అసలు తప్పు జరిగి అప్పటికే ఏడెనిమిది సెకన్లయి ఉంటుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పది మీటర్ల చదరం గీసి, నలుగురిని అంచుల మీద, ఇద్దరిని లోపల పెట్టి పాస్‌లు ఆడించడం అందరూ చేసేదే. దానికి ఒక షరతు కలపండి: బంతి పోతే, పోగొట్టినవాడితో పాటు అతనికి పాస్ ఇచ్చినవాడు కూడా లోపలికి వెళ్లాలి. అప్పుడు ఇబ్బందిలో ఉన్నవాడి మీదకు బంతి తోసేసి చేతులు దులుపుకోవడం కుదరదు. పాస్ ఇచ్చినవాడు నిలబడిపోకుండా, అందుకున్నవాడికి ఇంకో దారి చూపడానికి కదులుతాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే చదరాన్ని 12 మీటర్లు చేయండి. మరీ చిన్నదైతే బంతి ఎగిరి ప్రతి పాసూ పోతుంది, పిల్లలు విసిగిపోతారు. 15 మీటర్లు చేస్తే లోపలివాళ్లకు బంతి అందక ఆయాసమే మిగులుతుంది.

ఈ పంపకం తెలిసిన మనిషి మన తెలుగు నేల మీదే ఉండేవారు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ క్రీడల మధ్యలో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన పెట్టలేదు, అలాగని పాత చోటే నిలబెట్టి మొండిగా ఆడించలేదు. అరుణ్ ఘోష్‌ను స్టాపర్ చేసి జర్నైల్‌ను ముందుకు పంపారు. ఫైనల్లో ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌ది. స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్న రోజది. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీమ్ మరుసటి ఏడాదే కన్నుమూశారు. ధైర్యం చెప్పే కోచ్‌లు చాలామంది ఉంటారు. ఒకడు మోయలేని పనిని ఇంకెవరికి ఇవ్వాలో చూసి పెట్టేవాళ్లు అరుదు.

డెల్టా పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్. ఆట వేరైనా చిక్కు ఇదే. అతనూ చిరాగ్ శెట్టీ జత కట్టినప్పుడు ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టే రకమే. నెట్ దగ్గరి పని ఒకరు నేర్చుకోక తప్పలేదు, చిరాగ్ నేర్చుకున్నాడు. 2022 థామస్ కప్ ఫైనల్లో ఇండోనేసియా జోడీపై మొదటి గేమ్ పోగొట్టుకుని, మ్యాచ్ పాయింట్లు కాచుకుని, 18-21, 23-21, 21-19తో వాళ్లు బయటపడ్డ తీరు మళ్లీ చూడండి. ముఖ్యంగా పాయింటు పోయిన తర్వాతి రెండు మూడు సెకన్లలో ఒకరి వైపు ఒకరు ఎలా చూసుకుంటారో.

ఎంత పంచుకున్నా ఒక్కడే నిలబడాల్సిన చోటు ఒకటుంది: పెనాల్టీ. 11 మీటర్ల దూరం, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొడితే బంతికి పట్టేది 0.4 సెకను. సాధన లెక్కతోనే ఇది లొంగుతుందనుకుంటే పొరపాటు. 2022 ప్రపంచ కప్‌కు ముందు స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే ఒక్కొక్కరూ వెయ్యి పెనాల్టీలు సాధన చేయాలని చెప్పాడు. మొరాకోపై షూటౌట్‌లో, అంటే సమంగా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చే చోట, స్పెయిన్ ఒక్కటీ వేయలేక 0-3తో ఇంటికెళ్లింది. ఇంగ్లండ్ ప్రపంచ కప్‌లో మొట్టమొదటి షూటౌట్ గెలిచింది 2018లో, కొలంబియాపై. అప్పటి కోచ్ గారెత్ సౌత్‌గేట్ 1996 యూరోలో తానే పెనాల్టీ పోగొట్టినవాడు. విజిల్ పడగానే తొందరపడి కొట్టొద్దని, ఊపిరి తీసుకుని కదలమని తన ఆటగాళ్లకు నేర్పించాడు.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు సాధన వేళది. ఒళ్లు వేడెక్కకముందే, నవ్వుకుంటూ పది పెనాల్టీలు కొట్టి పంపేస్తారు. సెషన్ చివర, కాళ్లు బరువెక్కాక పెట్టండి. మధ్య వృత్తం నుంచి ఒక్కొక్కరినే నడిపించండి. 105 మీటర్ల గ్రౌండ్‌లో అది 40 మీటర్ల పైచిలుకు నడక, మనసు చెడేది అక్కడే. మన గోల్‌కీపరే బంతి తెచ్చి చేతికివ్వాలి. బంతి పెట్టాక ఏ మూలకు కొట్టాలో ముందే ఖాయం చేసుకోవాలి, మళ్లీ మార్చకూడదు. విజిల్ తర్వాత ఒక పూర్తి ఊపిరి. ఒక్కరికి ఒకే అవకాశం. పోతే ఇంకోటి ఇవ్వొద్దు, ఎందుకంటే మ్యాచ్‌లో ఇవ్వరు. కానీ తిరిగొచ్చేటప్పుడు ఇద్దరు సహచరులు సగం దాకా ఎదురెళ్లాలి. దీన్ని కూడా సాధనలో భాగంగానే చేయించాలి, లేకపోతే మ్యాచ్ రోజున ఎవరికీ తోచదు.

బరువు ఒకే భుజం మీద ఉంటే ఏమవుతుందో మన దేశపు జట్టే చూపించింది. సునీల్ ఛెత్రీ 2005 నుంచి ఆడి, 94 గోల్స్‌తో 2024 జూన్‌లో వీడ్కోలు తీసుకున్నాడు. ఆ ఏడాది భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలిపించారు. వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మాల్దీవులపై గోల్ కొట్టాడు. ఛెత్రీ గొప్పతనానికి దండం పెట్టాల్సిందే. కానీ పల్లకీ ఇన్నేళ్లూ ఒక్క బోయీ మోస్తుంటే మిగతా భుజాలు గట్టిపడేదెప్పుడు?

డెల్టాలో ఇదే జబ్బు పదిహేనేళ్లకే మొదలవుతుంది. ఊళ్లో బాగా ఆడే ఒక్క కుర్రాణ్ని ముందు నిలబెట్టి, బంతంతా అతనికే ఇచ్చి, సెలక్షన్స్ రోజున ఆ ఒక్కడి గోల్స్ మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంటారు. పదో తరగతి కాగానే ఇంటర్ హాస్టల్లో వేస్తే బూట్లు అటకెక్కుతాయి. ఆ భయం కుర్రాడికి ముందే తెలుసు కాబట్టి ప్రతి మ్యాచూ ఆఖరిదన్నట్టు ఆడతాడు, పాస్ ఇవ్వాల్సిన చోట షాట్ కొడతాడు. దాన్ని స్వార్థమనడం నాకు సమ్మతం కాదు. చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిన లెక్క అలాంటిది.

కాలం కూడా తక్కువే. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ చివరి నుంచి, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేదాకా, చేలల్లో ఆడుకోవడానికి ఆరు వారాలు దొరుకుతాయి. చాలాచోట్ల రొయ్యల చెరువులు ఆ చేలనూ మింగేశాయి. కొయ్యకాళ్లను నేలమట్టానికి కోయాలి. రేగడి నెర్రెలను పొడిమట్టితో పూడ్చి, సాయంత్రం నీళ్లు చల్లి తొక్కించాలి. రెండు వేళ్ల సందు చాలు, మడమ మెలిక పడి ఆ వేసవంతా పోతుంది. వారానికి మూడు రోజులనుకుంటే 18 సెషన్లు. అందులో శనివారాలు మ్యాచ్‌లకు పెట్టి, గోల్స్ కొట్టేవాడిగా పేరున్న కుర్రాణ్ని కనీసం మూడింటిలో స్టాపర్‌గా నిలబెట్టండి. ముందువాళ్లు నడుం మీద చేతులు వేసుకుని చూస్తుంటే శివారులో ఏం జరుగుతుందో అక్కణ్నుంచి అతనికి కనబడుతుంది.