సున్నం పడితే కంట్లో నీళ్ళు పోయొద్దట!

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కంటి డాక్టరు గడప తొక్కకుండా వంటింట్లోనే కంటి వైద్యం చేసుకోవచ్చని దాని సారాంశం. కంట్లో సున్నం పడితే నీళ్ళు తగలనీయకుండా నెయ్యో ఆముదమో వేయాలట. నలుసు పడినా కన్ను ఎర్రబడినా చనుబాలు గానీ తేనె గానీ నందివర్ధనం పూల రసం గానీ పిండాలట. కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే చాలు అంటుకుంటుందట. దెబ్బ తగిలితే బాగా కడిగి గట్టిగా కట్టు కట్టాలట. ఉల్లిరసం, తేనె కలిపి వేస్తే శుక్లాలు కరిగిపోతాయట, కళ్ళజోడు పెట్టుకుంటే సైటు పెరుగుతుందట. చివర్లో మామూలే, పది మందికి పంపండి. ఆ పది మందిలో ఒక్కరు సున్నం సలహా పాటించినా ఏం జరుగుతుందో రాసినాయనకు తెలిసినట్టు లేదు, అందుకే ముందు దానితోనే మొదలుపెడతాను.

సున్నం పడితే వెంటనే, అంటే ఆ నిమిషంలోనే, నీళ్ళు పోయాలి. ఈ భయం ఎక్కడిదో ఊహించగలను. గోడలకు వేసే రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది కాబట్టి కంట్లోనూ అలాగే ఉడుకుతుందని అనుకుంటారు. కానీ తాంబూలంలోకి, ఖైనీలోకి వాడే సున్నం అప్పటికే నీళ్ళు తాగి చల్లారినది, దాని మీద ఇంకెన్ని నీళ్ళు పోసినా ఉడకదు. అది చేసే నష్టం వేడితో కాదు, క్షారంతో. ఆమ్లం పడితే పైపొర గడ్డకట్టి కొంతవరకు అక్కడే ఆగుతుంది, క్షారం మాత్రం కణాల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతూనే ఉంటుంది. నెయ్యి దాన్ని కడిగి బయటికి పంపదు సరికదా, మీరు నెయ్యి డబ్బా వెతికే ఆ రెండు నిమిషాలు కూడా సున్నానికే ఇచ్చినట్టు. నిమ్మరసం పోస్తే విరిగిపోతుందనే తెలివి కూడా వద్దు.

మనిషిని పడుకోబెట్టి, సున్నం పడిన కన్ను కిందికి ఉండేలా తల ఆ పక్కకు తిప్పి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, కొళాయి నీళ్ళో బాటిల్ నీళ్ళో ఏవి దొరికితే అవి ధారగా కనీసం ఇరవై నిమిషాలు పోయండి. పొడిసున్నం గడ్డలు పైకి కనిపిస్తుంటే గుడ్డ కొసతో తీసేయండి, కానీ దానికోసం నీళ్ళు ఆపకండి. తర్వాత ఆసుపత్రికి తప్పనిసరిగా వెళ్ళాలి, ఎందుకంటే పై రెప్ప వెనకాల సున్నం ముద్ద ఇరుక్కుని గంటల తరబడి కాలుస్తూ ఉంటుంది, డాక్టరు రెప్ప తిరగేసి తీయాల్సిందే. ఖైనీ కోసం అమ్మే ఆ చిన్న సున్నం ప్యాకెట్లు, ట్యూబులు ఉన్నాయే, వాటితో ఎక్కువ దెబ్బతినేది పిల్లలు. నొక్కితే టప్పుమని పగిలి నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది. తాతగారి ఖైనీ సంచి పిల్లలకు అందని చోట పెట్టండి.

నల్లగుడ్డు అంచున పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు ఉంటాయి. సున్నం వాటిని చంపేస్తే నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్ముకుంటుంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని తుంపలు చేసి దెబ్బతిన్న కంటి మీద నాటే పద్ధతిని 2012లో ప్రచురించారు, చాలామందికి చూపు తెచ్చిపెట్టిన మంచి ఆపరేషన్ అది. అయితే దానికి రెండో కన్ను బాగుండాలి.

ఇక చనుబాలు, తేనె, పూల రసం. వీటిలో ఏదీ క్రిములు లేని వస్తువు కాదు. 2023లో అమెరికాలో కృత్రిమ కన్నీటి చుక్కల వల్ల చాలామందికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చి కొందరికి చూపు పోయింది, ప్రాణాలు పోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చుక్కలు చెన్నై కంపెనీ తయారుచేసినవి. ఫ్యాక్టరీలో సీలు వేసి వచ్చిన సీసాకే ఆ గతి పడితే, పెరట్లో కోసి అరచేతిలో నలిపిన పువ్వు సంగతి మీరే ఆలోచించండి. నందివర్ధనం దేవుడికి పెట్టండి, పొన్నగంటి కూర పప్పులో వేసుకోండి, ఎవరూ వద్దనరు.

వరి కోతలు, నూర్పిళ్ళ రోజుల్లో ఇది ఇంకా ప్రమాదం. ఊక, తాలు, వరి ఆకు కొస నల్లగుడ్డును గీరితే ఆ గీత గుండా బూజు జాతి క్రిములు లోపలికి పోతాయి. మొదటిరోజు ఏదో గరగరగా ఉందనిపిస్తుంది, నాలుగైదు రోజులకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. పెద్దవాళ్ళు కంట్లో పువ్వు వేసిందంటారే, చాలాసార్లు ఇలాంటి పుండు మానాక మిగిలే మచ్చే అది. దీనికి నాటమైసిన్ లాంటి ప్రత్యేకమైన చుక్కలు గంట గంటకూ వారాల తరబడి వేయాలి. మామూలు యాంటీబయాటిక్ చుక్కలకు బూజు చావదు. మెసేజ్‌లో లేని ఇంకో ప్రమాదం కూడా ఉంది, అదే మెడికల్ షాపు. ఎర్రకన్ను అనగానే అబ్బాయి ఒక సీసా ఇస్తాడు, అందులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన పూటకే ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల మాత్రం బూజుకు అడ్డు లేకుండా పోతుంది. నా ఉద్దేశంలో తేనె కంటే ఇదే పెద్ద సమస్య, ఎందుకంటే తేనె వేస్తే మండి మానేస్తారు, దీనితో తగ్గిందనుకుని సీసా అయిపోయేదాకా వేస్తారు. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం అదనం.

కళ్ళకలక చూపుతో అంటుకోదు. 2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ అది చుట్టేసినప్పుడు అందరూ నల్లద్దాలు పెట్టుకుని తిరిగారు, అద్దాలు వెలుగు గుచ్చుకోకుండా ఆపుతాయి గానీ వైరస్‌ను ఆపవు. చేతులు, తువ్వాళ్ళు, దిండు గలీబులు, ఫోన్లు, ఇవే దాని దారులు. చాలావరకు వారం, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా, వెలుతురు అస్సలు చూడలేకపోయినా అది కళ్ళకలకే అని సరిపెట్టుకోవద్దు. తెల్లగుడ్డు మీద ఉన్నట్టుండి ఎర్రటి రక్తపు మరక కనబడి, నొప్పీ మసకా ఏమీ లేకపోతే మాత్రం కంగారు పడక్కర్లేదు, దగ్గినా తుమ్మినా చిన్న రక్తనాళం చిట్లి అలా అవుతుంది. దెబ్బ తగిలి వచ్చినా, మాటిమాటికీ వస్తున్నా చూపించుకోండి.

దెబ్బకు కట్టు గురించి. కంట్లోకి ముల్లో గాజుముక్కో దిగినా, గుడ్డు చిరిగిందనే అనుమానం ఉన్నా కడగకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నదాన్ని పీకకూడదు. పేపరు కప్పు ఒకటి కంటి మీద బోర్లించి, అంచులు ఎముక మీద ఆనేలా టేపు వేసి, ఏమీ తినిపించకుండా తీసుకెళ్ళండి, ఆపరేషన్ పడొచ్చు. సుత్తితో ఉలి మీద కొడుతుంటే ఎగిరే ఇనుపరజను కంట్లోకి దూసుకుపోయినా ఒక్కోసారి పెద్దగా నొప్పే ఉండదు, అదే మోసం. వెల్డింగ్ చేసేవాళ్ళకు రాత్రిపూట కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలయ్యే మంట వేరు. అది ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాల కాలుడు, ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. నొప్పి తెలియకుండా కంటిని మొద్దుబార్చే చుక్కలు దొరికాయి కదా అని ఇంటికి తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ వేస్తే మాత్రం నల్లగుడ్డే కరిగిపోతుంది.

శుక్లం చుక్కలతో కరగదు. కంటి లోపలి కటకంలో ప్రొటీన్లు ముద్దకట్టి మసకబారడం అది, ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనను మళ్ళీ పచ్చిది చేయగలిగితే దీన్నీ చేయొచ్చు. ఉల్లిరసం వేస్తే బొటబొటా నీళ్ళు కారతాయి, మలినమంతా పోతోందని అనుకుంటారు! శుక్లం బాగా పండేదాకా ఆగాలన్నది కూడా పాతమాట, పనులకు అడ్డమైనప్పుడు తీయించుకోవచ్చు, మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. అదృష్టం ఏమిటంటే శుక్లం తీశాక చాలామందికి చూపు తిరిగొస్తుంది. నీటికాసులతో, అంటే కంట్లో ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే గ్లాకోమాతో, అలా కాదు, పోయిన చూపు పోయినట్టే, మిగిలింది కాపాడుకోవడమే. నలభై దాటాక, ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా ముందే, కంటి ఒత్తిడి, లోపలి నరం చూపించుకోవాలి. కన్ను ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగుల వలయాలు అన్నీ కలిసి వస్తే అది పైత్యం కాదు, ఆ రాత్రే ఆసుపత్రికి.

మెసేజ్‌లో ఒక్కటి సరైనదుంది, కంటికురుపుకు వేడి కాపడం. గోరువెచ్చటి గుడ్డతో రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి, గిల్లకండి.

కళ్ళజోడు పెడితే సైటు పెరగదు. పిల్లలు ఎదిగేకొద్దీ కంటిగుడ్డు పొడవు పెరిగి నంబరు మారుతుంది, జోడు పెట్టినా మారుతుంది, పెట్టకపోయినా మారుతుంది. పైగా ఒక కంటికే ఎక్కువ నంబరుంటే ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోదు, ఏడెనిమిదేళ్ళు దాటాక దాన్ని సరిచేయడం చాలా కష్టం. రెండో కన్ను బాగుంటుంది కాబట్టి పిల్లవాడు ఫిర్యాదు కూడా చేయడు, ఒక్కో కన్ను మూసి చూడమంటేనే బయటపడుతుంది.