"మ్యాగజైన్ లిస్ట్ ఫైనల్ ఫైనల్ 7" గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఎక్సెల్ షీటు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ మీ ఇంట్లో ఏడు పత్రికలుంటే నాలుగు పోయాయి. పోయి చాలా కాలమైంది. ఆ కబురు మీకు చేరవేసేవాళ్లు లేక నేనే రాస్తున్నాను.

మొన్న గురువారం మధ్యాహ్నం మీ దర్శనభాగ్యం కలిగింది. నిజానికి ఆ రోజు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. అయినా బెంగళూరు మారతహళ్లిలో బయల్దేరి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు బైకు మీద తపస్సు చేసి, ఎలక్ట్రానిక్ సిటీ చేరుకున్నాను. ఎందుకంటే మా మేనేజర్ మాట ఇచ్చారు. అనంతపురం ఆయన, మాట ఇచ్చేటప్పుడు చాలా బాగుంటారు. "జీతం హైక్ సంగతి నా చేతుల్లో లేదు గానీ, ప్రోగ్రామర్లకి మ్యాగజైన్లు తెప్పించే మీటింగ్ ఉంది. నువ్వూ రాప్పా, నీకేం కావాలో ఒకటి చెప్పు, తెప్పిస్తాం" అన్నారు. పదకొండేళ్లుగా కోడ్ రాస్తున్నవాడిని, నువ్వేం చదువుతావని ఆఫీసులో అడిగిన మొదటి మనిషి ఆయన. కరిగిపోయాను.

మీటింగులో ఏడుగురం. హెచ్ఆర్ మేడం, ఫైనాన్స్ సార్, అడ్మిన్ ఆయన, మేనేజర్ గారు, ఎందుకు పిలిచారో వాళ్లకే తెలియని ఇద్దరు, తద్దినం పెట్టేవాడి తమ్ముడిలా నేను. ప్రొజెక్టర్ మీద మీరు. పైన పెద్దక్షరాల్లో ఈ ఏడాది అంకె. కింద మూలలో, అందరూ చెరపడం మర్చిపోయిన చోట, "తయారీ: 2005".

ఏడు వరుసలు, ఏడు పత్రికలు. బడ్జెట్ తగ్గింది కాబట్టి మూడు తీసెయ్యాలన్నారు ఫైనాన్స్ సార్. సరే అనుకున్నాను. చచ్చినవి నాలుగు ఉన్నాయి, మూడు తీసినా ఒకటి మిగుల్తుంది, బతికున్నవాటికి ఢోకా లేదు. అలా అనుకున్నవాడిని ఏం చేసినా పాపం లేదు.

మొదటి వరుస, కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం. ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం పత్రిక, 1958 నుంచి వస్తోంది. నేను అడగాలని వచ్చింది దాన్నే. అడ్మిన్ ఆయన ఫోన్‌లో చూసి, "ఇది 2024 నుంచి ఆన్‌లైన్‌లో ఫ్రీ సార్" అన్నాడు. ఫ్రీగా వచ్చేదానికి డబ్బులెందుకని కొట్టేశారు. న్యాయమే. అయితే మా ఆఫీసు నెట్‌లో ఆ సైటు ఓపెన్ చెయ్యనివ్వండి చాలు అన్నాను. అది "వార్తలు, వినోదం" కింద బ్లాక్ అయి ఉంది. దానికి వేరే కమిటీ ఉందట. ఇంతకీ అది పాత పత్రికేగా అన్నారు ఫైనాన్స్ సార్. ఆయన స్క్రీన్ మీద చూపిస్తున్న ఖర్చుల లెక్కలు ఏ డేటాబేస్‌లోంచి వచ్చాయో, దాని వెనకున్న ఆలోచనని కాడ్ అనే ఆయన 1970లో ఈ పత్రికలోనే అచ్చేయించాడు. ఆ లెక్కల్ని వరసలో పేర్చడానికి మేం వాడే క్విక్‌సార్ట్‌ని హోర్ ఇందులోనే, 1961లో ప్రకటించాడు. ఇవన్నీ అక్కడ చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోపు రెండో వరుసకి వెళ్లిపోయారు.

రెండోది ఐ ట్రిపుల్ ఈ సాఫ్ట్‌వేర్. ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంఘం పత్రిక, 1984 నుంచి ఉంది. ప్రాజెక్టులు ఎందుకు మునుగుతాయో, డిజైన్ ఎక్కడ చెడుతుందో పని చేసినవాళ్లు రాస్తారు. చందా ఎక్కువని కొట్టేశారు. ఫ్రీ అయితే డబ్బెందుకు, డబ్బైతే అంత ఎందుకు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఇక లినక్స్ ఫర్ యూ. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద 2003లో మొదలైన మన దేశపు పత్రిక. 2012లో పేరు మార్చుకుని ఓపెన్ సోర్స్ ఫర్ యూ అయింది. లిస్టులో పాత పేరే ఉంది. ఆ పేరుతో పత్రిక ఇప్పుడు లేదు కాబట్టి అది లేనట్టే అని తేల్చారు. పేరు మారిందండీ, పత్రిక ఉందండీ అన్నాను. "లిస్టులో ఉన్న పేరు ప్రకారమే వెళ్లాలి" అన్నారు హెచ్ఆర్ మేడం. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆవిడ ఆ మాట అన్నారు.

అలా బతికున్న మూడూ పోయాయి. మిగిలిన నాలుగు చూడండి. సీ/సీ ప్లస్ ప్లస్ యూజర్స్ జర్నల్, 2006లో ఆగిపోయింది. డాక్టర్ డాబ్స్ జర్నల్ అచ్చు 2009లో ఆగింది, వెబ్‌సైటులో కొత్త వ్యాసాలు 2014తో సరి. లినక్స్ జర్నల్ కాగితం మీద రావడం 2011లోనే మానేసింది, వెబ్‌సైటు ఒక్కటే మిగిలింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్‌డీఎన్ మ్యాగజైన్ చివరి సంచిక 2019 నవంబర్. నలుగురూ ఏకగ్రీవంగా ఆమోదం పొందారు. కారణం మీ ఖర్చుల కాలమ్. "చూడండి, ఈ నాలుగింటి మీద గత మూడేళ్లలో ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. ఇవే మనకి వర్కవుట్ అవుతాయి" అన్నారు ఫైనాన్స్ సార్. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఇక్కడ చచ్చినవాడి ఖర్చు కూడా తక్కువే.

డాక్టర్ డాబ్స్ దగ్గర చిన్న చర్చ జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. డాక్టర్ల పత్రిక మనకెందుకు, మెడికల్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ఆ ఎందుకొచ్చారో తెలియని ఇద్దరిలో ఒకాయన అడిగాడు. నవ్వాను. తర్వాత గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. 1976లో అది మొదలైనప్పుడు దాని పేరులో నిజంగానే "ఆర్థోడాంటియా" ఉండేది, పళ్లు సరిచేసే వైద్యం. తక్కువ బైట్లలో, అంటే తక్కువ మెమరీలో, ప్రోగ్రాం ఇమిడ్చాలని, "ఓవర్‌బైట్ లేకుండా" అని వాళ్ల జోకు; ఓవర్‌బైట్ అంటే పై పళ్లు ముందుకు రావడం, ఇక్కడ బైట్లు ఎక్కువైపోవడం. డెన్నిస్, బాబ్ అనే ఇద్దరి పేర్లు కలిపితే డాబ్ వచ్చింది, డాక్టర్ ఎవరూ లేడు. కాబట్టి ఆ మీటింగులో పత్రిక గురించి నిజానికి కాస్త దగ్గరగా వచ్చిన మాట ఆయనదే.

మధ్యలో హెచ్ఆర్ మేడం తనకి రోజూ మెయిల్ పంపే ఒక అంతర్జాతీయ జర్నల్‌ని సిఫార్సు చేశారు. అది నాకూ పంపిస్తుంది, "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అని. బీటెక్‌లో రెండు సబ్జెక్టులు సప్లీ రాసినవాడిని. ఫీజు కడితే మూడు రోజుల్లో ఏది పంపినా అచ్చేస్తారట. రిసెప్షన్‌లో ఉండే ఆ నాయకత్వం పత్రికలు, కవర్ మీద చేతులు కట్టుకున్న సూటు మనుషులు, వాటి జోలికి నేను పోను.

సోమవారం కొటేషన్ వచ్చింది. ఏజెన్సీ అతను నాలుగింటికీ ధర పంపాడు! 2006లో పోయిన పత్రికకి రెండేళ్ల చందా తీసుకుంటే పది శాతం తగ్గింపు, డెలివరీ ఆరు వారాల్లో. ఆరు వారాలు కాదు, ఆరు జన్మలెత్తినా రాదురా బాబూ! దాన్ని మా అడ్మిన్ మూడు సంతకాలకి పంపాడు, ఒకటి అయిపోయింది కూడా.

షీటూ, ఇదంతా నీ వల్లే కదా? ఏటా మార్చిలో నిన్ను తెరుస్తారు, పైన అంకె మారుస్తారు, సేవ్ చేస్తారు. అది మీటింగ్ కాదు, తద్దినం. కాకులకైనా పిండం పెడతారు, మాకు అదీ లేదు. ఒక్కడంటే ఒక్కడు, ఈ ఇరవై ఏళ్లలో, ఈ పేర్లలో ఒకటి నెట్‌లో కొట్టి చూడలేదు. 1968లో డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఉత్తరం రాశాడు, ప్రోగ్రాంని ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే గోటూ వాడకండిరా అని. కమ్యూనికేషన్స్ ఎడిటర్‌కి రాసిన ఉత్తరమే అది, పేజీన్నర ఉంటుందేమో. దాంతో తరాల ప్రోగ్రామర్లు కోడ్ రాసే పద్ధతి మారింది. నేను మూడు ఈమెయిళ్లు పెట్టాను, "పత్రిక మూతపడింది" అని సబ్జెక్ట్‌లోనే రాసి. "నోటెడ్" అని ఒక జవాబు వచ్చింది. నోట్ చేసుకున్నది ఎక్కడ, నీ మీద కాదుగా?

మంగళవారం రాత్రి నిన్ను డిలీట్ చేద్దామనే తెరిచాను. ఒప్పుకుంటున్నాను. కాలమ్‌లు జీ తర్వాత ఐకి దూకుతున్నాయి. హెచ్ లేదు. ఎవరో దాచారు. బయటికి తీశాను.

2005 నాటి మనిషి ఎవరో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పెట్టాడు. యూజర్స్ జర్నల్ పక్కన: "పాయింటర్లతో తిప్పలు పడే పిల్లలకి ముందు ఇది ఇవ్వండి." లినక్స్ ఫర్ యూ పక్కన: "సీడీ ముందు తీసుకోండి, మధ్యాహ్నానికి మాయమవుతుంది." ఐ ట్రిపుల్ ఈ పక్కన: "లీడ్లు చదవాలి. చదవరు." కమ్యూనికేషన్స్ పక్కన: "ఇప్పుడు అర్థం కాకపోయినా పారెయ్యొద్దు, రెండేళ్లాగి మళ్లీ తియ్యండి." డాక్టర్ డాబ్స్ పక్కన: "నా కాపీ ఎవరో పట్టుకెళ్లారు. తెచ్చిస్తే టీ ఇప్పిస్తా."

అన్నా, నువ్వెవరో, ఇప్పుడెక్కడున్నావో. మన ఆఫీసులో ఒకప్పుడు పత్రిక చేతులు మారేదని, దొంగతనం కూడా జరిగేదని తెలిసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పుడు దొంగిలించడానికి కూడా ఏమీ లేదు. శనివారం అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగాను, ఆ రోజుల సంచిక ఒక్కటైనా దొరుకుతుందేమోనని. ఎంట్రెన్స్ పరీక్షల గైడ్లు చూపించారు.

షీటు గారూ, మిమ్మల్ని డిలీట్ చెయ్యలేదు. లినక్స్ ఫర్ యూ వరుసలో ఓపెన్ సోర్స్ ఫర్ యూ అని పేరు మార్చాను, ఎవరికీ చెప్పకండి. నాలుగు పేర్లకి ఎర్ర రంగు వేసి, పక్కన పోయిన సంవత్సరం రాశాను. హెచ్ కాలమ్‌లో ఒక్క మాట కలిపి మళ్లీ దాచేశాను: "డాబ్స్ కాపీ పట్టుకెళ్లినవాళ్లు ఇప్పుడు తెచ్చిచ్చినా సరే. టీ నేను ఇప్పిస్తా, రెండో అంతస్తు, కిటికీ పక్క సీటు."

ఇట్లు,
మీ విధేయుడు,
సప్లీ ప్రొఫెసర్